గుండెను తెరువక చూచుట



గురజాల యను పేరు వినగానే చరిత్ర నెరిగినవారికి నలగామరాజు కొలువు, నాయకురాలు నాగమ్మ మంత్రాంగము, బ్రహ్మనాయుని పలుకు, కోడిపందెము, కారెంపూడి రణరంగము వరుసగా జ్ఞప్తికి వచ్చును. ఆ కథను మన వీరవిద్యావంతులు తరతరములుగా పాడుచునే యున్నారు. నేను మరల చెప్ప నక్కరలేదు. నేడు నేను మనవి చేయబోవు చరిత్ర రాజులది గాదు. మనలో ప్రతివాని రొమ్ములోను పిడికెడంత యుండి, తల్లికడుపులో మొదలిడిన పనిని తుదిశ్వాసవరకు విడువని గుండెది. దానిని కోయక, తెరువక, లోపలి సంగతి తెలిసికొనుటకు మానవుడు రెండువందల యరువది యేండ్లకు పైగా చేసిన ప్రయత్నముల కథ యిది.

ఈ విషయము నెత్తుకొనుటకు కారణము మా యింటిలోనే కలదు. మా మేనమామ గురజాలలో మిరపయు పత్తియు పండించిన రైతు. అరువది దాటిన పిమ్మటగూడ చేనికి నడచియే పోవువాడు. కొన్నియేండ్ల క్రిందట నొక మాఘమాసమున చేనినుండి వచ్చుచు, రొమ్ముపై రోలు పెట్టినట్లున్నదని గట్టుపై కూలబడెను. కొంతసేపు కూర్చుండగా బరువు దిగెను. మరల నడువగా మరల పట్టెను. నరసరావుపేటలో వైద్యుడు ఇ.సి.జి. తీసి, గుంటూరు పోయి ఎకోయు యాంజియోగ్రామును చేయించుకొనవలెననియు, అవి చూచిన తరువాతనే మందులు చాలునో, స్టెంటు వేయవలెనో, బైపాసు ఆపరేషను చేయవలెనో తేలుననియు చెప్పెను.

ఆ రాత్రి మా యరుగుమీద పదిమంది చేరిరి. గుండెలోనికి తీగ యెక్కింతురని యొకరనిరి. ఆ బల్లమీద పండుకొన్నవాడు లేచి వచ్చుట కల్ల యని మరియొకరనిరి. పరీక్ష యనుచు ఆపరేషనే చేసివేయుదురని వేరొకరనిరి. మామయ్య అన్నియు విని, "అల్లుడూ! ముందు మిరప కల్లమెత్తనీ. తరువాత చూద్దాంలే" అనెను. కల్లమెత్తిన పిమ్మట ధర రానిమ్మనెను. ధర వచ్చిన పిమ్మట ఆషాఢము పోనిమ్మనెను. నాలుగక్షరములు చదివినవాడనయ్యు నేను గట్టిగా పట్టుపట్టలేదు. అక్కడ నేమి చేయుదురో, ఎంతసేపు పట్టునో, నొప్పి యుండునో లేదో ఆయనకు విడమరచి చెప్పుటకు నాకే తెలియదు. శ్రావణమున నొకనాటి తెల్లవారుజామున ఆయనకు గుండెపోటు వచ్చెను.

ఆయన బ్రదికిన వైనము చివర చెప్పెదను. ఆనాటినుండి నేను ఈ పరీక్షల పుట్టుపూర్వోత్తరములను వెదకి చదువ నారంభించితిని. చదివినకొలది నాకొక్క సంగతి తేటపడెను. గుండెకు చికిత్స చేయుటకు ముందు తీయు చిత్రములు మనలను భయపెట్టుటకు వచ్చినవి గావు. కత్తి గ్రుడ్డిగా నడువకుండుటకు పుట్టినవి. గుత్తికొండ బిలములోనికి దీపము లేక దిగువాడెవ్వడు? ఈ పరీక్షలు ఆ దీపములు.

ఈ కథ తట్టి వినుటతో మొదలైనది. 1761లో వియన్నా నగరమున ఔయెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడొక చిన్న గ్రంథమును ప్రకటించెను. రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, ధ్వనిలోని భేదమునుబట్టి లోపల గాలి యున్నదో, నీరు చేరినదో, గుండె పెరిగినదో గుర్తింపవచ్చునని యందు వ్రాసెను. ఆయన తండ్రి పూటకూళ్లయింటి యజమాని. ద్రాక్షసారాయి పీపాలను తట్టి యెంతవరకు నిండియున్నవో కనుగొనుట చిన్ననాడు చూచియే ఆయనకీ యూహ తోచెనని చెప్పుదురు. ఇది మనకు క్రొత్త గాదు. నాపరాతి పలకను కొనువాడు తట్టి చూచును. ఖంగున మ్రోగినచో తీసికొనును, ధ్వని చచ్చి పలికినచో లోపల బీట యున్నదని విడిచిపెట్టును. కుండ కొను ఇల్లాలు చేయునదియు నిదియే.

1816లో పారిసు నగరమున లెన్నెక్ అను వైద్యుని యొద్దకు గుండెజబ్బుతో నొక యువతి వచ్చెను. ఆ కాలమున వైద్యులు చెవిని రోగి రొమ్ముకానించి వినువారు. అట్లు చేయుటకు సంకోచించి ఆయన కొన్ని కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొనను ఆమె రొమ్ముపై నుంచి రెండవ కొనను తన చెవి కానించుకొనెను. నేరుగా చెవి యొగ్గి విన్నదానికంటె స్పష్టముగా గుండెచప్పుడు వినబడెను. నేడు ప్రతి వైద్యుని మెడలో వ్రేలాడు స్టెతస్కోపు అట్లు పుట్టినది. కాని వినుట వేరు, చూచుట వేరు. చూపునకు మరి యెనుబది యేండ్లు పట్టెను.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వర్జుబర్గు నగరమున రాంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు కంటికి కనబడని కిరణముల నొకటి కనుగొనెను. ఆ కిరణములు మాంసమును దాటిపోయి, ఎముకల నీడను పలకపై నిలుపును. అవి యేమో తెలియనందున వానికి ఎక్స్ అని పేరు పెట్టెను. తన భార్య చేతిని చిత్రించి చూపగా వ్రేలి యెముకలును, ఉంగరమును కనబడెను. 1901లో భౌతికశాస్త్రమున మొదటి నోబెలు బహుమతి ఆయనకే లభించెను. ఎక్స్‌రేతో గుండె యెంత పెరిగినది, ఊపిరితిత్తులలో నీరు చేరినదా యని తెలియును. నేటికిని ఆపరేషనుకు ముందు రొమ్ము ఎక్స్‌రే తీయుదురు. అది రెండు నిమిషముల పని. అయితే అందు గుండె నీడయే కనబడును. లోపలి గదులు గాని, కవాటములు గాని కనబడవు.

ఆపై హాలండు దేశమున ఐంథోవెన్ అను పండితుడు గుండెలో పుట్టు స్వల్ప విద్యుత్తును కాగితముపై గీతగా దింపెను. 20వ శతాబ్దపు తొలి యేండ్లలో ఆయన నిర్మించిన యంత్రము ఆరువందల పౌనుల బరువు. దానిని నడుపుటకు అయిదుగురు మనుష్యులు కావలసియుండిరి. రోగి రెండుచేతులను ఒక కాలిని ఉప్పునీటి తొట్లలో నుంచి కూర్చుండెడివాడు. ఆ యంత్రమును ఆసుపత్రికి మోసికొనిపోవుట దుర్లభము గనుక, 1905లో ఒకటిన్నర కిలోమీటరు దూరమునుండి టెలిఫోను తీగద్వారా రోగి గుండెగీతను తన ప్రయోగశాలకు తెప్పించుకొనెను. 1924లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చెను. ఆ యంత్రమే నేడు చంకన పెట్టుకొనిపోవు పెట్టెయైనది. చిన్న ఊరిలో తీసిన గీతను చేతిఫోనులో పట్టణపు వైద్యునికి పంపి సలహా పొందుచున్నాము.

ఇ.సి.జి. తీయునపుడు చేతులకు, కాళ్లకు, రొమ్ముమీద తీగలు తగిలింతురు. ఆ తీగలు మన గుండె విద్యుత్తును గ్రహించునవేగాని, మనకు విద్యుత్తు నిచ్చునవి గావు. షాకు కొట్టునను భయము వలదు. అయితే ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. "ఇ.సి.జి. బాగుంది, ఇక నాకేమీ లేదు" అని పలువు రనుకొందురు. కదలక పండుకొన్నపుడు తీసిన గీత బాగుండియు, నడచునపుడు గుండెకు రక్తము చాలకపోవచ్చును. అందుకే కొందరిని కదలుపట్టాపై నడిపించి గీత తీయుదురు. దీనినే ట్రెడ్‌మిల్లు పరీక్ష యందురు. నడచునపుడు రొమ్ము బరువెక్కినను, ఊపిరి యాడకున్నను, తల తిరిగినను అప్పుడే చెప్పవలెను. పౌరుషమునకు పోయి దాచరాదు.

ఇంక ఈ చరిత్రలోని సాహసఘట్టము. 1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డె అను చిన్నయూరి యాసుపత్రిలో ఫోర్స్‌మన్ అను పడుచు వైద్యుడుండెను. చేతినరములో సన్నని గొట్టము నెక్కించి గుండెవరకు పంపవచ్చునని ఆయన నమ్మకము. పైవైద్యుడు వలదనెను. శస్త్రచికిత్స పరికరములు నర్సు స్వాధీనమున నుండెను. ఆమె ఆ ప్రయోగము తనపై చేయుమని ముందుకు రాగా, ఆమెను బల్లకు కట్టి, ఆమె కంట పడకుండ తన యెడమచేతి నరమునే తెరచి 65 సెంటీమీటర్ల గొట్టమును లోనికి త్రోసికొనెను. అటుపిమ్మట ఎక్స్‌రే గదికి నడచిపోయి, గొట్టపు కొన గుండెను చేరినట్లు చిత్రము తీయించెను. లోకము మెచ్చుకొనలేదు, మందలించినది. ఆయన గుండెవైద్యము విడిచి మూత్రకోశముల వైద్యుడయ్యెను. ఇరువదియేడేండ్లు గడచిన పిమ్మట, 1956లో, ఆ మార్గమును పెంపొందించిన కూర్నాన్, రిచర్డ్స్ అను ఇరువురితోబాటు ఆయనకును నోబెలు బహుమతి నిచ్చిరి. మా యరుగుమీద "గుండెలోనికి తీగ" యని భయపడినది దేనినో, దానిని ఆయన తన దేహముపైననే ముందుగా పరీక్షించి చూపెను.

గుండెకు రక్తమునిచ్చు నాళములు చిత్రమున పడుట కాకతాళీయముగా జరిగినది. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండు ఆసుపత్రిలో సోన్స్ అను వైద్యుడు ఒక రోగి బృహద్ధమని కవాటమును చూచుటకై, ఎక్స్‌రేలో నల్లగా కనబడు మందును గొట్టముద్వారా పంపుచుండెను. గొట్టపు కొన జారి ఆ మందు గుండె సొంత ధమనిలోనికే పోయెను. అట్లు జరిగిన ప్రాణాపాయమని అంతవరకు వైద్యుల నమ్మకము. రోగి గుండె కొన్ని క్షణము లాగెను. సోన్స్ దగ్గుమని కేకవేయగా రోగి దగ్గెను. గుండె మరల కొట్టుకొనెను. ఇంత ఎక్కువ మందు పోయినను మనిషి బ్రదికినాడు గనుక, కొలది కొలదిగా పంపి ఆ ధమనుల నన్నిటిని చిత్రింపవచ్చునని ఆయన గ్రహించెను. అదియే నేటి యాంజియోగ్రామునకు మొదలు.

ఆ ధమను లెట్టివో మన పల్నాటివారికి చెప్పుట సులభము. సాగరు కుడికాలువను తలంచుకొనుడు. ప్రధానకాలువనుండి మేజరులు, మేజరులనుండి పిల్లకాలువలు, వానినుండి బోదెలు. ఎక్కడనో పూడిక పడిన యెడల పైభూములు తడియును, చివరిభూములు ఎండును. ఎండిన చేనిని చూచి నీరు రాలేదని చెప్పవచ్చును. కాని పూడిక యెచ్చట పడినదో తెలియవలెనన్న కాలువవెంట నడచి చూడవలెను. ఇ.సి.జి. యు ట్రెడ్‌మిల్లును చేను ఎండుచున్నదని చెప్పును. యాంజియోగ్రాము కాలువవెంట నడచి పూడిక చోటును చూపును. 1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు వదలిన నాటి సంబరము మీలో పెద్దవారికి తెలిసియుండును. ఆ యేడే ఫవలోరో అను శస్త్రవైద్యుడు, సోన్స్ ఉన్న క్లీవ్‌లాండు ఆసుపత్రిలోనే, కాలిసిరను తీసి పూడికను చుట్టి క్రొత్తకాలువ త్రవ్వినట్లు రక్తమునకు దారి కల్పించెను. అదియే బైపాసు. 1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున గ్రూంట్సిగ్ అను వైద్యుడు సన్నని గొట్టపు కొనకు చిన్నబుడగ నమర్చి, పూడిక యున్నచోట నుబ్బించి, రొమ్ము కోయకయే దారిని వెడల్పు చేసెను. పటము లేనిదే ఈ రెండు చికిత్సలును లేవు. క్రొత్తకాలువ ఎక్కడ త్రవ్వవలెనో పటమే చెప్పవలెను గదా!

నేడు యాంజియోగ్రాము చేయించుకొనువాడు ఎదురుచూడవలసిన దేమి? ముందుగా కొన్ని గంటలు ఆహారము మానుమందురు. రక్తము తీసి, ముఖ్యముగా మూత్రపిండముల పనిని చూతురు. ఏలన, ఆ మందును బయటికి పంపవలసినవి అవియే. ముంజేతి మణికట్టువద్ద గాని తొడ మొదట గాని తిమ్మిరిమందు నిత్తురు. మణికట్టు మార్గమును 1989లో కెనడాలోని కాంపో అను వైద్యుడు లోకమునకు తెలిపెను. రోగి మెలకువతోనే యుండును. సూది గ్రుచ్చినప్పటి నొప్పి తప్ప, గొట్టము రక్తనాళములలో పోవుట తెలియదు. మందు పోవునపుడు ఒక్కసారి ఒడలు వెచ్చనగును. సాధారణముగా అరగంటలో ముగియును. పిమ్మట గ్రుచ్చినచోట గట్టిగా అదిమి కట్టుదురు. తొడవద్ద చేసినచో కొన్నిగంటలు కాలు కదపక పండుకొనవలెను. ఇందు అపాయము బొత్తిగా లేదని చెప్పుట సత్యము గాదు. రక్తము కారుట, గ్రుచ్చినచోట వాచుట కలుగవచ్చును. బహు అరుదుగా పక్షవాతము, గుండెపోటు వంటివియు సంభవింపవచ్చును. అందుకే ముందుగా సమ్మతిపత్రముపై సంతకము తీసికొందురు.

ఇంక ఎకో సంగతి. నూతిలో కేకవేసిన మరల వినబడు ప్రతిధ్వనియే దీనికి మూలము. 1950వ దశాబ్దమున స్వీడనులోని లుండ్ నగరపు ఆసుపత్రిలో ఎడ్లర్ అను వైద్యునికి ఒక చిక్కు వచ్చెను. కీళ్లవాతపు జ్వరమువలన గుండెకవాటము మూసికొనిపోయిన వారికి శస్త్రవైద్యులు దానిని తెరచుట నేర్చియుండిరి. కాని కవాటము ఇరుకైనదా, వదులై కారుచున్నదా యని ముందుగా తెలియవలెను. ఇరుకైనవానికి ఆ శస్త్రము మేలు, కారువానికి కీడు. స్టెతస్కోపుతో నిశ్చయించుట కష్టము. అప్పుడు హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, ఓడల కార్ఖానాలో ఇనుములోని బీటలను ధ్వనితో కనుగొను యంత్రము నొకటి యెరువు తెచ్చెను. 1953 అక్టోబరు 29న ఆ యిరువురు కలసి గుండె కదలికను ప్రతిధ్వనితో మొదటిసారి చిత్రించిరి. నాపరాతి పలకను తట్టి బీటను కనిపెట్టుటకును దీనికిని భేదమెంత? చెవికి వినబడని ధ్వనితో తట్టుటయే భేదము. "ఆపరేషను చేయవచ్చునా?" యను ప్రశ్నయే ఈ యంత్రమును పుట్టించినదని మీరు గమనింపవలెను.

ఎకో తీయునపుడు ఎడమప్రక్కకు ఒత్తిగిలి పండుకొనవలెను. రొమ్ముపై చల్లని జిగురు పూసి, చిన్నకడ్డీని ప్రక్కటెముకల నడుమ అదిమి త్రిప్పుదురు. కొంచెము ఒత్తిడి తప్ప నొప్పి లేదు. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. కొందరికి కవాటములను దగ్గరగా చూచుటకై గొంతుద్వారా అన్నవాహికలోనికి సన్నని గొట్టమును పంపి ఎకో తీయుదురు. దానికి ఆరుగంటలవరకు ఉపవాసముండవలెను. కట్టుడుపళ్లు తీసివేయవలెను, కదలు పన్నున్న చెప్పవలెను. గొంతు తిమ్మిరి వదలువరకు నీరైనను త్రాగరాదు.

ఎకో కాగితములో ఒక యంకె మనవారిని మిక్కిలి బెదరించుచున్నది. దానిని ఇ.ఎఫ్. అందురు. గుండె తనలో నిండిన రక్తమున నెంతపాలు ఒక్క కొట్టునకు బయటికి నెట్టునో అది చెప్పును. అరువది యని వ్రాసినచో, "నూటికి నలభై పోయిందట" అని కంటతడి పెట్టిన యిల్లాండ్రను నేనెరుగుదును. అది పరీక్షలో వచ్చిన మార్కు గాదు. ఎంత బలమైన గుండెయైనను ఉన్న రక్తమంతయు ఒక్కసారి నెట్టివేయదు. సుమారు 55 మొదలు 70 వరకు నుండుట ఆరోగ్యమే. నలువదికి దిగినపుడు గుండె బలహీనపడినదని వైద్యులు జాగ్రత్తపడుదురు; ఆపరేషనులో నేమేమి సిద్ధముగా నుంచుకొనవలెనో ఆ యంకెనుబట్టి నిర్ణయింతురు.

తరువాతి చూపులు రెండు. 1971 అక్టోబరు 1న లండనులో నొక రోగి తలను హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో మొదటిసారి చిత్రించిరి. రొట్టెను ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కను చూచినట్లు, అది శరీరమును కోయకయే పొరలు పొరలుగా చూపును. 1979లో కార్మాక్‌తో కలసి ఆయన నోబెలు బహుమతి నందెను. ఆ తొలి యంత్రము నిలుకడగానున్న తలనే చూడగలిగెను. క్షణమైన నాగని గుండెను పట్టుటకు చాల వేగము గల యంత్రములు రావలసివచ్చెను. అందుకే నేటికిని గుండెకు సి.టి. తీయునపుడు నాడి వేగము తగ్గుటకు మాత్ర నిత్తురు. ఊపిరి బిగబట్టుమని చెప్పుదురు. చేతినరముద్వారా మందు పోగానే ఒడలెల్ల వెచ్చనై, మూత్రము జారినట్లు తోచును. జారదు, సిగ్గుపడ పనిలేదు. 2002లో ఫ్రాన్సు దేశపు క్రిబియే అను వైద్యుడు రొమ్ము కోయకయే గొట్టముద్వారా క్రొత్తకవాటమును పెట్టిన పిమ్మట సి.టి. విలువ పెరిగినది. కవాటపు కొలతయు, దానిని చేర్చవలసిన దారి వెడల్పును ముందుగా కొలువవలెను గదా! కొలత లేక చెప్పు కుట్టిన కాలికి పట్టదు.

రెండవది ఎం.ఆర్.ఐ. దీనిలో ఎక్స్‌రే లేదు, అయస్కాంతబలముతో పని. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనువారికి 2003లో దీనికై నోబెలు బహుమతి లభించెను. గుండెకండలో ఏభాగము చచ్చినది, ఏభాగము రక్తము చాలక సోలియున్నది యని ఇది చక్కగా చూపును. సోలిన కండకు రక్తమిచ్చిన కోలుకొనవచ్చును. ఇరుకైన సొరంగమువంటి యంత్రమున అరగంట మొదలు గంటవరకు పండుకొనవలెను. కంసాలి సమ్మెటవంటి మ్రోత వినబడును. మొలత్రాడు, తాళి, ఉంగరము, వినికిడి యంత్రము తీసివేయవలెను. శరీరములో పేస్‌మేకరు గాని, ఇనుపముక్క గాని యున్న ముందే చెప్పవలెను.

ఈ చరిత్రలో మనవారికిని పాలు కలదు. రాజమండ్రిలో జన్మించిన పనంగిపల్లి వేణుగోపాల్‌గారు 1994 ఆగస్టు 3న ఢిల్లీలో భారతదేశమున మొదటిసారిగా గుండెమార్పిడి జయప్రదముగా చేసిరి. 1998లో హైదరాబాదున సోమరాజుగారును అబ్దుల్ కలాంగారును కలసి చౌకయైన స్టెంటు నొకటి రూపొందించిరి. 2016లో గోఖలేగారి బృందము గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో గుండెమార్పిడి చేసిరి. ఒకప్పుడు మద్రాసుకో వేలూరికో పోవలసిన పల్నాటివాడు నేడు గుంటూరిలోనే గుండెకు చికిత్స పొందగలుగుచున్నాడు. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చెను. ప్రభుత్వములతో దాని పేరు మారుచు వచ్చినను, పేదవానికి గుండె శస్త్రము అందుబాటులోనికి వచ్చుట మారలేదు. గనుక డబ్బు లేదని పరీక్షను మానుకొనకముందు ఆసుపత్రిలోని ఆ పథకపు సహాయకులను అడిగి చూడవలెను.

ఇంక పెద్దలకు నా మనవి. ఈ పరీక్షలన్నియు అందరికి అక్కరలేదు. ఏది వ్రాసినను వైద్యుని రెండు ప్రశ్న లడుగుడు: "అయ్యా, ఈ పరీక్షతో మీకేమి తెలియవలెను? అది తెలిసిన నా చికిత్స ఎట్లు మారును?" మంచి వైద్యుడు ఈ ప్రశ్నకు కోపింపడు. మీరు మ్రింగు మందులన్నియు సంచిలో వేసికొని పొండు. మధుమేహపు మాత్రలు, రక్తము పలుచబరచు మాత్రలు ఏవి ఆపవలెనో, ఏవి వేసికొనవలెనో ఆయననే అడుగుడు. మీయంతట మీరు ఆపకుడు. ఇదివరలో ఇంజెక్షను పడక దద్దురులు లేచినను, మూత్రపిండముల జబ్బున్నను దాచకుడు. పాత కాగితములను, సి.డి.లను పొలము దస్తావేజులవలె భద్రపరచుకొనుడు; పాతచిత్రము ప్రక్కన పెట్టి చూచినప్పుడే క్రొత్తచిత్రము పూర్తిగా మాటలాడును. పెద్దాయన బెదరునని చెప్పక కొడుకులే సంతకము చేయుట మన యిండ్లలో నున్నది. అది ప్రేమయే కావచ్చును. కాని తన గుండె సంగతి తనకు తెలియుట పెద్దవాని హక్కు. ఇంకొక మాట. కదలకున్నను తగ్గని రొమ్మునొప్పి, చెమటలు, ఎడమచేతికో దవడకో ప్రాకు బరువు కలిగినచో పరీక్షల వరుసను తలంపక వెంటనే 108కి ఫోను చేయవలెను. అప్పుడు యాంజియోగ్రామును చికిత్సయు నొకేసారి జరుగవలసియుండును. అచ్చట గడియ గడియకు కండ చచ్చుచుండును.

మా మామయ్య కథను ముగించెదను. గుంటూరు చేర్చునప్పటికి చాల పొద్దెక్కినది. వైద్యులు ప్రాణము నిలిపిరి. ఎకోలో ఇ.ఎఫ్. 35 అని వచ్చెను. కొన్నిదినములకు మణికట్టుద్వారా యాంజియోగ్రాము చేసిరి. గదినుండి బయటికి తెచ్చునపుడు ఆయన నావంక చూచి, "ఇంతేనా అల్లుడూ? దీనికా నేను ఆర్నెల్లు భయపడ్డది!" అనెను. నేను మారుపలుకలేకపోతిని. మూడు ధమనులు పూడుకొనియుండెను. బైపాసు చేసిరి, గాయము మానెను, ఇంటికి వచ్చెను. కాని చచ్చిన కండ మరల పుట్టదు. మాఘమాసములోనే వచ్చియుండిన ఆ కండలో చాలభాగము మిగులుటకు అవకాశముండెనని వైద్యుడు మెల్లగా చెప్పెను. ఇప్పుడాయన చేనివరకు నడువలేడు. గట్టుదాకా పోయి, కూర్చుండి, మిగిలినదానిని కంటితో చూచి వచ్చును.

అయితే ఒక మేలు జరిగినది. మా యరుగుమీద నెవరైనను యాంజియోగ్రాము మాట యెత్తిన, ఆయన చొక్కాచేతిని మడచి మణికట్టు చూపును. అచ్చట మచ్చకూడ మిగులలేదు. "చూడండయ్యా, వాళ్లు పోయిన తలుపు ఇదే. నన్ను పాడుచేసింది ఆ తీగ కాదు, నేను చేసిన ఆలస్యం" అనును. ఇన్నాళ్లు నేను చదివి కూర్చిన చరిత్ర యంతయు ఆ రెండు మాటలలో నిమిడియున్నది. మీ యరుగులమీదను ఆ మాట వినబడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.